మద్రాసు వానకాగితాలు

మా మరిది తిరుపాలుకి తెలివి ముదిరింది ఏ సంవత్సరమని అడిగితే తడుముకోకుండా చెప్తాను. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండేళ్ళకి, యాభై అయిదులో, శెనక్కాయలు పీకే కాలంలో. అంతకు ముందు వాడికి తెలివి లేదని కాదు. ఉండింది, మనిషికి కావాల్సినంత. ఎస్సెల్సీ పాసై ఆత్మకూరులో శెనక్కాయల మండీలో గుమాస్తాగా చేరినాక అది పొంగి పొర్లి మా ఇంటి మీద పడింది.

ఆ మండీ జనార్దనయ్య శెట్టిది. వాన పడితే సరుకు తడుస్తాదని, తడిస్తే ధర మారతాదని ఆయన భయం. అందుకని మద్రాసులో వాతావరణం ఆఫీసోళ్ళు రోజూ అచ్చేసే కాగితం పోస్టులో తెప్పించుకునేవాడు. రేపు ఏ జిల్లాలో వాన, ఏ జిల్లాలో ఎండ అని అందులో ఇంగ్లీషులో ఉంటాది. చదివేసినాక ఒక్కటి కూడా పారెయ్యకుండా ఇనపతీగకి గుచ్చి దూలానికి వేలాడదీసేవాడు. ఏళ్ళ తరబడి అట్ట గుచ్చుతానే పోయినాడు, చివరికి ఆయనా పోయినాడు. కొడుకు మండీ ముందర చిల్లర అంగడి పెట్టి, ఆ కాగితాల్లోనే బెల్లం, చింతపండు పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టినాడు. మా మరిది చేతిలో పడడం కంటే వాటికి చింతపండే మేలని నేను ఇప్పటికీ అంటాను.

మావాడు చూస్తా ఊరుకోలేదు. మిగిలిన తీగలన్నీ అడుక్కుని గోతాంలోకి ఎక్కించినాడు. అప్పటికే పొట్లాలై పోయిన వాటి వెంట కూడా పడినాడు. కలువాయిలో ఎవరింటికో పోయి, మొన్న మీరు కొన్న ఇంగువ పొట్లం కాగితం ఉంటే ఇస్తారా అని అడిగినాడంట. వాళ్ళు మంచోళ్ళు కాబట్టి కుక్కని వదల్లేదు. అది చాలదని ఉదయగిరి తాలూకా కచ్చేరీలో వాన కొలిచే డబ్బా ఉంటే, దాన్ని కొలిచే జవానుని మంచి చేసుకుని, ఏ తేదీన ఎన్ని అంగుళాలు పడిందో ఏళ్ళకేళ్ళు ఎత్తి రాసుకొచ్చినాడు.

నవంబరులో శెలవు పెట్టి ఇంటికొచ్చి, గోతాం వసారాలో దించి, "నాయనా, ఇంక వాన మనకి చెప్పకుండా రాదు" అన్నాడు. మూతి విప్పితే ఇల్లంతా ఇంగువ వాసన కొట్టింది.

నాయనంటే మా మామ వెంగయ్య. బుద్ధి తెలిసినప్పటి నుంచి రెడ్డి ఇంట్లో జీతగాడు. ఆ ఏడే మొదటిసారి సొంత చేను దున్నినాడు. సీతారామపురం రోడ్డు పక్కన, కొండ కింద, రాళ్ళేరుకుంటే రెండెకరాల ఎర్రనేల. విత్తనం కూడా రెడ్డి ఇచ్చిందే. పంట చేతికొస్తే విత్తనం తిరిగిచ్చేసి మామ తన చేలో తాను ఉంటాడు. రాకపోతే మళ్ళీ పోయి రెడ్డి గొడ్ల సావిట్లో పడుకోవాల, అది ముందే అనుకున్న మాట. అరవై దాటిన మనిషి. "పొద్దున్నే ఎవురూ కేకెయ్యకుండా నా అంతట నేను లేచి చేనికి పోవడం ఎట్టుంటాదో ఇప్పుడే చూస్తాండానమ్మా" అని నాతో అనేవాడు. 

మేము బాప్టిస్టులం. మా పల్లెలో మిషనోళ్ళు కట్టించిన పెంకుల గది ఒకటుండింది. వారమంతా అది బడి, ఆదివారం గుడి. ఆ బడికి టీచర్ని నేను, తాళం చెవి నా కొంగునే ఉండేది. ఇల్లు గడిచేది కూడా నా జీతంతోనే. మా ఆయన పెంచలయ్య, తమ్ముడి మాదిరే మామ బాప్తిస్మం పుచ్చుకోక ముందు పుట్టినోడు, అందుకని ఆ పేరు అట్టనే మిగిలిపోయింది. మంచోడే. నాయన అవునంటే అవును, తమ్ముడు కాదంటే కాదు. నేను ఏదన్నా అంటే మటుకు "చూద్దాం" అంటాడు.

శెనక్కాయ పంటలో ఒక చిక్కుండాది. నేలలో పదును ఉన్నప్పుడే చెట్టు పీకాల. నేల గట్టిపడితే చెట్టు చేతికొస్తాది, కాయ భూమిలోనే ఉండిపోతాది. పీకినాక కాయలు పైకి తిప్పి చేలోనే ఎండబెట్టాల. అవి ఎండే లోపల వాన పడిందంటే కాయ నల్లబడి బూజు పడతాది. ఆ నవంబరులో పదును ఆరిపోతా ఉండింది, ఆకాశంలో మబ్బులు వస్తా పోతా ఉండినాయి. పీకాలా, ఆగాలా అని మామ పూటపూటకీ మట్టి నలిపి చూసుకునేవాడు.

ఉదయగిరి పంచాయతీ ఆఫీసు అరుగు మీద సాయంత్రం రేడియో పెట్టేవాళ్ళు. తిరుపాలు సైకిలేసుకుని పోయి విని వచ్చినాడు. ముఖం వెలిగిపోతా ఉండింది.

"వచ్చే రెండు దినాల్లో నెల్లూరు జిల్లాలో వానలంట నాయనా."

"అయితే పీకొద్దంటావా?" అన్నాడు మామ.

"రేపే పీకాల. వాళ్ళు వానంటే వాన రాదు. తగ్గిపోతాదన్నప్పుడే వస్తాది."

ఇదీ వాడు ఆ గోతాంలోంచి తోడి తీసిన జ్ఞానం. ఎట్ట తీసినాడో కూడా చెప్పినాడు. మద్రాసు కాగితం నెత్తిన ఒక తేదీ ఉంటాది. ఆ తేదీన కచ్చేరీ లెక్కలో ఎంత పడిందో చూస్తాడు, సున్నా ఉంటాది. కాగితంలో రేపు అన్నారు గదా అని మర్నాటి తేదీ చూస్తాడు, అక్కడా సున్నానే. ఆ పై తేదీకి పోతే కచ్చేరీ లెక్కలో అంగుళాలకి అంగుళాలు ఉంటాయి, ఆ పాటికి మద్రాసోళ్ళు వాన తగ్గిపోయిందని రాసేసి ఉంటారు. ఏ సంవత్సరం తీసినా ఇదే కథ.

"మద్రాసోళ్ళ బుర్రలు తిరగబడి ఉండాయి నాయనా. వాళ్ళు చెప్పింది మనం తిరగేసి చదువుకుంటే చాలు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "అంత ఆఫీసు పెట్టుకుని, అంతమంది బియ్యేలు కూర్చుని, ఏళ్ళ తరబడి ప్రతిసారీ తప్పే చెప్పడం అయ్యే పనేనా అబ్బయ్యా? పొరపాటునన్నా ఒకసారి ఒప్పు రావాల గదా?"

"నీకు అర్థం కాదులే వదినా. ఒకటో తరగతి పిల్లోళ్ళకి చెప్పే లెక్క కాదిది."

"ఒకటో తరగతి పిల్లోడయితే తప్పు పోతే పలక తుడుస్తాడు. నువ్వు తుడవవు. అదే తేడా."

మామ నవ్వలేదు. ఇంగ్లీషు అక్షరాలున్న కాగితమంటే ఆయనకి భయమూ భక్తీ రెండూ. కోర్టు నోటీసయినా సబ్బు పెట్టె మీద అట్టయినా కళ్ళకద్దుకునే రకం. "వాడు చదివినోడు గదమ్మా, ఊరికే అంటాడా" అన్నాడు. నేను మా ఆయన వైపు చూసినాను.

"చూద్దాం" అన్నాడు మా ఆయన.

మర్నాడు తెల్లారే సరికి మనుషులు చేలోకి దిగినారు. మా పల్లెలో చేతులు ఆడే ప్రతివాళ్ళూ వచ్చినారు, మామ సొంత పంట గదా అని. నేను బడి వదిలి పోయేసరికి చేనంతా చెట్లు తలకిందులై పడుకోనుండాయి, కాయలు ఆకాశంలోకి చూస్తా ఉండాయి. గుత్తులు గుత్తులు కాసింది. మామ ఒక చెట్టు ఎత్తి మట్టి దులిపి, ఎవరికో చూపిస్తా ఉండినాడు. మా మరిది గట్టు మీద నిలబడి, చేతికి మట్టి అంటకుండా, ఎవరెవరు ఎటు పీకాలో చెప్తా ఉండినాడు. ఎస్సెల్సీ గదా.

పొద్దు వాలే సరికి పీకడం అయిపోయింది. తూరుపున మబ్బు కమ్ముకుని కిందికి దిగింది. వసారాలో కూర్చున్న మామ లేచి లేచి వాకిట్లోకి పోయి చూసి వస్తా ఉంటే తిరుపాలుకి రోషం పుట్టింది. గోతాం దగ్గరికి లాక్కుని, లాంతరు ముందర పెట్టుకుని, నాయనకి ధైర్యం చెప్పడానికి ఒక్కో కాగితం తీసి చదవడం మొదలుపెట్టినాడు.

"ఇదిగో చూడు నాయనా. యాభైయో సంవత్సరం, నవంబరు ఇరవై రెండు, బుధవారం. రేపు నెల్లూరు జిల్లాలో గట్టి వాన అని వేసినారు. రేపంటే ఇరవై మూడు, గురువారం. కచ్చేరీ లెక్కలో ఆ తేదీకి సున్నా. చుక్క పడలేదు."

నేను పొయ్యి దగ్గర సంగటి కెలుకుతా ఉండినాను.

"ఏ తేదీ అన్నావు?" అని అడిగినాను.

"నవంబరు ఇరవై మూడు."

"చుక్క పడలేదా?"

"సున్నా ఉండాది వదినా. వచ్చి చూడు కావాలంటే."

ఆ రోజు మా ఎస్తేరుని మట్టి చేసినాము. మూడేళ్ళ పిల్ల, నా ఒక్కగానొక్క బిడ్డ. నాలుగు రోజులు జ్వరమొచ్చి పోయింది. తెడ్డు కుండలోనే వదిలేసి నేను వసారాలోకి వచ్చినాను.

"ఆ రోజు గుంటలో నీళ్ళు ఎవురు తోడినారు తిరుపాలా?"

 మా ఆయన లేచి నిలబడినాడు.

"పెట్టె దించితే తేలతాదని, గుంటలోకి దిగి, ముంతతో తోడి బయట పోసింది ఎవురు? నువ్వే గదా?"

"నేనే వదినా" అన్నాడు. "నాకూ వాననే గుర్తు. కాగితంలో సున్నా ఉండేసరికి, నేనే రోజు తప్పు గుర్తు పెట్టుకున్నానేమో అనుకున్నాను."

ఏడుపు రావాల్సింది నాకు. రాలేదు. అసహ్యం వేసింది. సొంత చేతులతో ఆ నీళ్ళు తోడినోడు, మోకాళ్ళ దాకా ఆ బురదలో నిలబడినోడు, ఎవరో జవాను పెట్టిన సున్నా చూసి తన ఒంటినే అనుమానించినాడు. చదువుకుంటే మనుషులు ఇట్ట కూడా అవుతారా అనిపించింది. నేను ఆ చదువే చెప్పి జీతం తీసుకునేదాన్ని.

"శుక్రవారానికి ఎంతుండాది?" అని అడిగినాను.

"మూడంగుళాల పైన."

"శుక్రవారం ఎండ కాసింది. పిల్ల గుడ్డలు, మన గుడ్డలు అన్నీ కంచె మీద ఆరేసినాను. సాయంత్రానికి పెళపెళా ఆరినాయి. ఆ జవాను డబ్బా ఎప్పుడు కొలుస్తాడు?"

"రోజూ పొద్దున ఎనిమిదింటికి."

"శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి వాడు కొలిచిన నీళ్ళు ఎప్పుడు పడినవి?"

తిరుపాలు కచ్చేరీ లెక్క లాంతరు దగ్గరికి జరుపుకున్నాడు. గురువారం పగలంతా పడిన వానని ఆ జవాను శుక్రవారం పొద్దున కొలిచి, కొలిచిన రోజు తేదీ వేసుకున్నాడు. వాడి పని వాడు సరిగ్గానే చేసినాడు. మద్రాసోళ్ళూ బుధవారం నాడే గురువారం వాన అని సరిగ్గానే చెప్పినారు. రెంటినీ పక్కపక్కన పెట్టి కళ్ళు మూసుకున్నది మా మరిది ఒక్కడే.

వాడు ఇంకో కాగితం తీసినాడు, ఇంకొకటి తీసినాడు. వేలు ఒక తేదీ కిందికి జరిపి చూస్తా పోయినాడు. "చాలావరకు సరిపోతాండాయి వదినా" అన్నాడు. 

అంటే రేడియో చెప్పిన వాన కూడా వస్తాది. పీకిన చెట్ల మీదికే వస్తాది.

మామ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసినాడు. "ఏందమ్మా, ఏందంటాడు వాడు?"

"వాన వస్తాదంటాడు మామా."

"పీకేసినాము గదమ్మా" అన్నాడు.  కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉండిపోయినాడు.

మాది బోదగడ్డి కప్పిన కొంప, ఒకటే గది. రెండెకరాల చెట్లు అందులో ఏడ పడతాయి? పల్లె మొత్తానికి పెంకుల కప్పు ఉన్నది బడికొక్కదానికే. పొద్దు పొడవక ముందే తాళం తీసి బెంచీలు, బోర్డు, నా కుర్చీ అన్నీ బయట పెట్టించినాను. వచ్చిన పిల్లోళ్ళని, బడి లేదు, పోయి మీ అమ్మా నాయనల్ని పంపించండని తోలేసినాను.

"మిషను బళ్ళ మేనేజరు వస్తే ఏమంటాడో" అన్నాడు మా ఆయన మోపు దించుతా.

"చూద్దాం" అన్నాను.

ఒక బండి దొరికింది, మిగతాదంతా నెత్తిన మోపులే. కాయలు రాలకుండా దుప్పట్లలో, చీరల్లో కట్టి మోసినాము. గోడల వారన పేర్చుకుంటా వచ్చి, ప్రసంగం బల్ల చుట్టూ పేర్చి, చివరికి దాని మీద కూడా పేర్చినాము. తిరుపాలు కూడా మోసినాడు, ఆ మాట చెప్పాల. మెడ మీద చర్మం లేచిపోయింది వాడికి. ఒక్కసారి కూడా దించమని అనలేదు. జాలి పడదామని చూసినాను గానీ రాలేదు.

మధ్యాన్నం దాటినాక ఎదురుగా కొండ కనపడకుండా పోయింది. చివరి మోపులు తలుపు దాటతా ఉండగా వాన అందుకుంది. చేను పైభాగాన కొంచెం ఎత్తలేకపోయినాము, అది పోయింది. మిగతాదంతా లోపల ఉండింది. మామ తలుపులో కూర్చుని బయటికి చూస్తా ఉండినాడు. ఆ వాన మర్నాడు కూడా ఆగలేదు. రెండు దినాలూ బడి లేదు, బయట పెట్టిన బెంచీలు నానినాయి.

శనివారం వాన తెరిపిచ్చినాక మేనేజరు వచ్చినాడు. మిషను బళ్ళన్నీ చూసుకునే పెద్దమనిషి, ఆత్మకూరులో ఉంటాడు. గొడుగు మడిచి, బూట్లకి బురద అంటకుండా రాయి మీద ఒక కాలు, బెంచీ మీద ఒక కాలు పెట్టి లోపలికి తొంగి చూసినాడు. మా ఆడోళ్ళు లోపల కూర్చుని కాయలు తెంపుతా ఉండినారు. ఆయన నన్నొక్కదాన్నే పక్కకి పిలిచినాడు.

"రెబెకమ్మ గారూ, దేవుని మందిరం మీ కళ్ళం కాదు."

"ఆయన గొడ్ల పాకలో పుట్టినోడే గదండీ. ఏమీ అనుకోడు."

నవ్వుతాడేమో అనుకున్నాను. అట్టాంటోళ్ళకి బైబిలు చదవడం వస్తాది, నవ్వడం రాదు. "సెలవు అడగకుండా బడి మూసినారు. ఫర్నిచరు పాడు చేసినారు. ఒకటో తేదీ నుంచి వేరే ఆమె వస్తుంది. తాళం చెవి ఆమెకి ఇవ్వండి" అన్నాడు. నేను బతిమాలతానని కొంచెంసేపు ఆగి చూసినాడు. నేను బతిమాలలేదు. గొడుగు తెరుచుకుని పోయినాడు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మామ ఆ రోజు చాటలో కాయలు పోసుకుని, ఒక్కోటి చెవి దగ్గర ఆడించి వింటా ఉండినాడు. 

ఆదివారం ఆ కాయల మధ్యనే ఆరాధన జరిగింది. ఎవరికి సందు దొరికిన చోట వాళ్ళు కూర్చున్నారు. పచ్చి ఆకు వాసనకి తల తిరగతా ఉండింది. దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళకి మామ లేచినాడు. ఆయన లేవడం నేనెప్పుడూ చూడలేదు, ఎప్పుడూ వెనక గోడకి ఆనుకుని వినేవాడు.

"దేవుడికి స్తోత్రం. నా పంట నాకు దక్కింది. మా చిన్నోడు మద్రాసు కాగితాలు చదివి, వాన వస్తాండాదని కనిపెట్టి చెప్పినాడు. వాడు చెప్పబట్టే లోపల పెట్టుకున్నాము. వాడి చదువుని దేవుడు దీవించినాడు."

అందరూ ఆమెన్ అన్నారు. ఆడోళ్ళు వెనక్కి తిరిగి తిరుపాలుని చూసినారు. వాడు చెవులు ఎర్రగా చేసుకుని కాళ్ళ దగ్గర పడిన కాయ ఒకటి తీసి ఒలస్తా కూర్చున్నాడు. లేచి, కాదు, నా మాట మీదనే పీకి పోగొట్టుకోబోయినాము అని అంటాడేమో అని నేను చూసినాను. పాస్టరు తరవాతి కీర్తన ఎత్తుకున్నాడు. మా ఆయన పుస్తకంలో ఆ కీర్తన ఎక్కడుందో వెతకతా ఉండినాడు. ఏం మొగోళ్ళురా నాయనా అనుకున్నాను.

ఇంటికొచ్చి సంగటి చేసి, కొత్త శెనక్కాయలతో పచ్చడి నూరినాను. మామకి ముందు పెట్టినాను. మరిది ఇంకా ఊళ్ళోనే ఉండినాడు, ఎవరో పిలిచి కాగితాల సంగతి అడగతా ఉంటే.

మామ ముద్ద తుంచి, తినకుండా పళ్ళెంలో పెట్టినాడు.

"నువ్వు మనసులో పెట్టుకోవద్దమ్మా. చెప్పింది ఎవురో నాకు తెలుసు. నేనూ వసారాలోనే ఉండినాను గదా."

"తెలిసి ఆ మాట ఎందుకన్నావు మామా?"

"వాడు చెప్పబట్టే పీకినామని ఊరంతా చూసింది. వదిన సర్దకపోతే మునిగిపోయేవాళ్ళని తెలిస్తే ఇంక వాడి మాటకి ఈ ఊళ్ళో విలువుండదు. కలిగిరి నుంచి పిల్లనిస్తామని వస్తాండారు. వాళ్ళ చెవిన పడితే వెనక్కి పోతారు. వాడికి ఆ పేరొక్కటే ఉండాది తల్లీ, చదువుకున్నాడని." నా వైపు చూసినాడు. "నీకేముందిలే. నీకు టీచరు ఉద్యోగముండాది. నిన్నెవురు తక్కువ చేస్తారు?"

తిరుపాలు మీద ఎంత మాటన్నా అనగలిగిన నోరు నాది. మేనేజరుకే బదులు చెప్పిన నోరు. ఆ ముసలాయన ముందర అది పెగల్లేదు.

"అవును మామా, ఉండాది" అన్నాను. "తిను, చల్లారిపోతాది."